గీతలు నిండుగానే ఉన్నాయి, మరి నెట్ ఎందుకు రాదు?

ప్రశ్న: మాది హనుమకొండలో పాతికేళ్ల కిందట కట్టిన డాబా ఇల్లు. కింద ఒక అంతస్తు, పైన ఒక అంతస్తు. ఫైబర్ కనెక్షన్ ఉంది, 100 ఎంబీపీఎస్ ప్లాను. వైఫై బాక్సు కింద హాల్లో టీవీ వెనక బిగించారు. మా అబ్బాయి పైన వెనక గదిలో కూర్చుని ఇంటి నుంచే ఉద్యోగం చేస్తాడు. ఆ గదికి సిగ్నల్ అందడం లేదని ఒక ఎక్స్‌టెండర్ కొని అక్కడే ప్లగ్గులో పెట్టాం. ఇప్పుడు ఫోనులో గీతలన్నీ నిండుగా కనిపిస్తాయి కాని వేగం 6, 8 దాటదు, మీటింగు మధ్యలో మాట తెగిపోతుంది. అప్పుడు అబ్బాయి తను హాస్టల్లో వాడిన పాత రౌటర్ తెచ్చి, కింది బాక్సు నుంచి నీలం కేబుల్ లాగి దానికి తగిలించాడు. రెండు రోజులు బాగానే ఉన్నట్టు అనిపించింది. ఇప్పుడు కింద కూడా ఒక్కోసారి "కనెక్ట్ అయింది, ఇంటర్నెట్ లేదు" అని వస్తోంది. బాక్సు ఆపి మళ్లీ వేస్తే కాసేపు సర్దుకుంటుంది. దుకాణంలో అడిగితే అవన్నీ తీసేసి మెష్ సెట్టు (ఇల్లంతా కలిసి పనిచేసే రెండు మూడు వైఫై పెట్టెల జత) కొనమంటున్నారు. కొనమంటారా? (ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు)

సమాధానం: ఇప్పుడే కొనకండమ్మా. మీ ఇంట్లో ఉన్నవి ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు ఇబ్బందులు. మొదటిది ఎక్స్‌టెండర్ పెట్టిన చోటు వల్ల వచ్చింది, రెండోది పాత రౌటర్‌ను తగిలించిన తీరు వల్ల వచ్చింది. రెండూ కలిసి కనిపిస్తున్నాయి కనుక సామానంతా పనికిరానిదన్న అభిప్రాయం కలగడం సహజమే. కాని కింది నుంచి పైకి కేబుల్ లాగడమనే అసలు కష్టమైన పనిని మీ అబ్బాయి అప్పుడే చేసేశాడు. మిగిలింది అరగంట పని, అది కూడా కూర్చుని చేసేది.

ముందు గీతల సంగతి చూద్దాం, ఎందుకంటే ఎక్స్‌టెండర్ కొన్న వాళ్లలో ఎక్కువమంది పొరబడేది అక్కడే. ఫోనులో కనిపించే గీతలు మీ ఫోనుకూ దానికి దగ్గరలో ఉన్న పరికరానికీ మధ్య సిగ్నల్ ఎంత బలంగా ఉందో చెబుతాయి, అంతే. మీ వెనక గదిలో ఆ దగ్గరి పరికరం ఎక్స్‌టెండర్. అది బల్లకు రెండడుగుల దూరంలో ఉంది కనుక గీతలు నిండకపోతేనే ఆశ్చర్యపడాలి. ఆ ఎక్స్‌టెండర్‌కు కింది బాక్సు నుంచి ఎంత అందుతోందన్నది వేరే లెక్క, ఆ లెక్క ఫోనులో కనిపించదు. బావిలో నీళ్లుంటే కదా చేదకు అందేది. ఫోనుకు సిగ్నల్ అందని గదిలోనే ఎక్స్‌టెండర్‌నూ పెడితే, దానికీ అదే అరకొర సిగ్నల్ అందుతుంది. ఆ అరకొరనే అది పెద్ద గొంతుతో తిరిగి చెబుతుంది.

దీనికి తోడు ఎక్స్‌టెండర్ పనిచేసే పద్ధతిలోనే ఒక కోత ఉంది. చౌక రకాల్లో ఒకే రేడియో ఉంటుంది. ఆ ఒక్క రేడియో కింది బాక్సు చెప్పింది వినాలి, విన్నదాన్ని మీ ల్యాప్‌టాప్‌కు చెప్పాలి, ఒకేసారి రెండూ చేయలేదు. ప్రతి మాటా గాలిలో రెండుసార్లు ప్రయాణిస్తుంది కనుక చోటు ఎంత బాగున్నా వేగం దాదాపు సగానికి పడిపోతుంది. రెండు బ్యాండ్ల రకమైతే, అంటే 2.4, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు రేడియో దారులూ ఉన్నదైతే, ఒక బ్యాండ్‌లో కింది బాక్సుతోనూ, మరో బ్యాండ్‌లో మీ పరికరాలతోనూ మాట్లాడే వీలుంటుంది కనుక ఈ నష్టం కొంత తగ్గుతుంది. మీది ఏ రకమో అట్టపెట్టె మీద చూడండి. 2.4 గిగాహెర్ట్జ్ ఒక్కటే రాసి ఉంటే మొదటి రకం.

ఎక్స్‌టెండర్‌కు సరైన చోటు సిగ్నల్ చచ్చిపోయిన గది కాదు, సిగ్నల్ ఇంకా బాగా బతికి ఉన్న ఆఖరి చోటు. మీలాంటి ఇళ్లలో అది తరచుగా మెట్ల మలుపు దగ్గర ఉంటుంది, ఎందుకంటే పైకప్పు శ్లాబుకు ఇనుప ఊచల అల్లిక ఉన్నా, మెట్ల దగ్గర ఆ శ్లాబుకు పెద్ద కంత ఉంటుంది, సిగ్నల్ పైకి వచ్చేది చాలావరకు ఆ దారినే. ఆ చోటును ఊహతో కాకుండా కొలిచి తెలుసుకోవాలి. ఆండ్రాయిడ్ ఫోనులో వైఫై ఎనలైజర్ రకం యాప్ ఏదైనా వేసుకుంటే సిగ్నల్‌ను డీబీఎం లెక్కలో మైనస్ అంకెగా చూపిస్తుంది. అంకె సున్నాకు ఎంత దగ్గరైతే సిగ్నల్ అంత బలంగా ఉన్నట్టు. మైనస్ 50 అంటే చాలా బలం. వీడియో మీటింగు తెగకుండా సాగాలంటే మైనస్ 67 దాకా ఉంటే మంచిది. మైనస్ 75 దాటితే తడబాటు మొదలవుతుంది. మైనస్ 80 దాటాక పేరు కనిపించడమే తప్ప పని జరగదు. ఈ లెక్కలో ప్రతి 10కి బలం పదో వంతుకు పడిపోతుంది కనుక, 67కూ 77కూ తేడా చూడడానికి పదే అయినా నిజానికి పది రెట్లు.

ఈ కొలత తీసేటప్పుడు ఎక్స్‌టెండర్‌నూ పాత రౌటర్‌నూ రెండింటినీ ఆపేయండి. లేకపోతే ఫోను దేన్ని చూపిస్తోందో తెలియక తప్పు చోటు ఎంచుకుంటారు. హాల్లో బాక్సు పక్కన మొదలుపెట్టి, మెట్లెక్కుతూ, రెండు మూడు మెట్లకోసారి ఒక పది సెకన్లు కదలకుండా నిలబడి అంకె చూసుకోండి. చేతిలో ఫోను తిప్పితేనే నాలుగైదు అంకెల తేడా వస్తుంది, దానికి కంగారు పడనక్కరలేదు.

కొలిచేటప్పుడు దారిలో ఏముందో కూడా గమనించండి. ఇటుక గోడ కొంత మింగుతుంది, శ్లాబు చాలా మింగుతుంది, లోహం అసలు దాటనివ్వదు. ఇనుప బీరువా, అద్దం, అటక నిండా సర్దిన స్టీలు బిందెలు, ఫ్రిజ్, ఇవి మనకు సామాను, సిగ్నల్‌కు గోడలు. అద్దం వెనక పూసినదీ లోహమే కదా. మా ఇంట్లో ఒకసారి పడకగదిలో ఉన్నట్టుండి వైఫై మందగిస్తే నేను రౌటర్ సెట్టింగులన్నీ రెండు రోజులు కెలికాను. చివరికి తేలింది ఏమిటంటే, అంతకు వారం ముందు గోడకు సున్నం వేయించినప్పుడు బీరువాను జరిపి రౌటర్‌కూ మంచానికీ సరిగ్గా మధ్యన నిలబెట్టాము. బీరువాను మూడడుగులు పక్కకు జరిపితే సరిపోయింది. అప్పటి నుంచి ఎవరైనా "మొన్నటిదాకా బాగానే ఉండేది" అంటే నేను ముందుగా అడిగేది ఇంట్లో ఏం జరిపారని. మీ బాక్సు టీవీ వెనక ఉందన్నారు. టీవీ వెనక భాగంలో కూడా లోహపు పలక ఉంటుంది. బాక్సును టీవీ పైకి, గోడ మీద ఎత్తుగా పెట్టించగలిగితే ఖర్చు లేకుండా కొంత మెరుగు కనిపిస్తుంది. అయితే ఆ సన్నని ఫైబర్ తీగను మీరు లాగవద్దు, గట్టిగా వంచవద్దు. లోపల ఉన్నది గాజు. కనెక్షన్ ఇచ్చినవారి మనిషిని పిలిచి జరిపించుకోవడమే క్షేమం.

ఇక మీ రెండో ఇబ్బంది. నిజం చెప్పాలంటే మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆకర్షించింది ఇదే, ఎందుకంటే పైన ఒక పరికరం కలిపితే కింద నెట్ పోవడం చాలామందికి అంతుపట్టదు. ఇంట్లోని ప్రతి ఫోనుకూ, టీవీకీ, ల్యాప్‌టాప్‌కూ లోపలి చిరునామా ఒకటి ఉండాలి, దాన్నే ఐపీ అడ్రసు అంటారు. ఫోను వైఫైలో చేరగానే "నాకొక చిరునామా ఇవ్వండి" అని ఇల్లంతా వినపడేలా అడుగుతుంది. దానికి జవాబు చెప్పి చిరునామా పంచే పనికి డీహెచ్‌సీపీ అని పేరు. ఇంట్లో ఆ పని ఒక్కరే చేయాలి. మీ కింది బాక్సు మొదటి నుంచీ చేస్తోంది. పాత రౌటర్ కూడా అట్టపెట్టెలోంచి బయటకు వచ్చిన రోజు నుంచీ తనే ఇంటి యజమానినని అనుకుంటుంది కనుక అదీ చేస్తోంది. కేబుల్ ఒక లాన్ పోర్టు (ఇంట్లోని పరికరాలను తగిలించే రంధ్రం) నుంచి మరో లాన్ పోర్టుకు తగిలించి ఉంటే, ఈ రెండింటి మాటా ఇల్లంతటికీ వినపడుతుంది, ఫోను ఎవరి జవాబు ముందు వస్తే వాళ్ల చిరునామా తీసుకుంటుంది.

చిరునామాతో పాటు "బయటకు వెళ్లే దారి ఇదీ" అని ఒక గుమ్మం కూడా చెబుతారు, దాన్ని గేట్‌వే అంటారు. కింది బాక్సు చెప్పిన గుమ్మంలోంచి వెళితే వీధిలోకి వెళతారు. పాత రౌటర్ చెప్పిన గుమ్మానికి అవతల గోడ ఉంది, ఎందుకంటే దాని వెనక ఇంటర్నెట్ లేదు. "కనెక్ట్ అయింది, ఇంటర్నెట్ లేదు" అన్న మాటకు అర్థం ఇదే. బాక్సు ఆపి వేసినప్పుడు అన్ని పరికరాలూ మళ్లీ చిరునామా అడుగుతాయి. కింది బాక్సు జవాబు ముందు అందుకున్నవి బాగుపడతాయి, మిగిలినవి అలాగే ఉంటాయి. చిరునామాకు గడువు ఉంటుంది కనుక ఆ గడువు తీరినప్పుడు ఈ గందరగోళం మళ్లీ మొదలవుతుంది. మొదటి రెండు రోజులు బాగున్నట్టు కనిపించడానికి కారణం, పాత చిరునామాలు అప్పటికి చెల్లుబాటులో ఉండడమే కావచ్చు.

నా మాట నమ్మనక్కరలేదు, మీరే చూసుకోవచ్చు. నెట్ ఆగిపోయినప్పుడు బాక్సును ముట్టుకోకుండా, ఆ ఫోనులో వైఫై పేరు మీద నొక్కి వివరాలు తెరవండి. అక్కడ గేట్‌వే అన్న చోట ఒక అంకె ఉంటుంది. బాగా పనిచేస్తున్న ఫోనులోనూ అదే చోట చూడండి. ఒకదానిలో 192.168.1.1 అనీ, మరో దానిలో 192.168.0.1 అనీ ఉంటే దొంగ దొరికినట్టే. ఒకవేళ రెండు పెట్టెలకూ ఒకే అంకె, అంటే రెండింటికీ 192.168.1.1 ఉంటే, గొడవ ఇంకా పెద్దది. ఒకే ఇంటి నంబరుతో రెండు ఇళ్లున్న వీధిలో పోస్టుమాన్ పడే అవస్థ మీ ఫోను పడుతూ ఉంటుంది. అప్పుడు గేట్‌వే అంకెతో తేడా తెలియదు. పాత రౌటర్ కేబుల్ ఒక రోజంతా పీకి చూడండి, కింద ఒక్కసారి కూడా ఆగకపోతే సందేహం తీరుతుంది.

సరిచేసే విధానం ఇది. పాత రౌటర్ నుంచి నీలం కేబుల్ తీసేసి, ల్యాప్‌టాప్‌ను ఒక చిన్న కేబుల్‌తో దానికి మాత్రమే కలిపి, దాని అడుగున అంటించిన చీటీ మీద ఉన్న అంకెను బ్రౌజర్‌లో కొట్టి సెట్టింగులు తెరవమనండి. హాస్టల్ నాటి పాస్‌వర్డు గుర్తులేకపోతే వెనక ఉన్న సన్నని రంధ్రంలో పిన్నుతో పది సెకన్లు నొక్కిపెడితే కొత్తదానిలా అవుతుంది. అందులో "యాక్సెస్ పాయింట్ మోడ్" (కేబుల్‌లో వచ్చిన నెట్‌ను వైఫైగా అందించడం మాత్రమే చేసే పద్ధతి) అన్న ఎంపిక ఉంటే దాన్ని ఎంచుకుని సేవ్ చేస్తే చాలు. చిరునామాలు పంచే పని అది తనంతట తానే మానుకుంటుంది. పాత మోడళ్లలో ఆ ఎంపిక ఉండకపోవచ్చు. అప్పుడు మూడు మార్పులు చేతితో చేయాలి, వాటికి ఒక వరుస ఉంది. మొదట వైఫై పేరు, పాస్‌వర్డు పెట్టాలి. తర్వాత రౌటర్ సొంత లాన్ అంకెను కింది బాక్సు వరుసలోకి, కాని అది పంచని అంకెకు మార్చాలి. కింది బాక్సు 192.168.1.2 నుంచి 200 దాకా పంచుతుంటే, దీనికి 192.168.1.250 పెట్టవచ్చు. అది 254 దాకా పంచుతుంటే ముందు దాని సెట్టింగుల్లో ఆ వరుసను 200 దగ్గర ఆపాలి. ఆ అంకె మార్చాక కొత్త అంకెతో మళ్లీ లోపలికి వెళ్లి, డీహెచ్‌సీపీని అన్నిటికంటె చివర ఆపాలి. దాన్ని ముందే ఆపేస్తే ల్యాప్‌టాప్‌కు చిరునామా ఇచ్చేవారు లేక మీరే గుమ్మం బయట నిలబడిపోతారు. ఈ పొరపాటు నేనూ చేశాను, మళ్లీ పిన్నుతో మొదటికి వచ్చాను.

ఆ తర్వాత కింది నుంచి వచ్చిన నీలం కేబుల్‌ను పాత రౌటర్ లాన్ పోర్టుల్లో ఒకదానికి తగిలించండి. వేరే రంగులో విడిగా కనిపించే వాన్ పోర్టును (బయటి నుంచి వచ్చే నెట్ కోసం ఉన్న రంధ్రాన్ని) ఖాళీగా వదిలేయండి. యాక్సెస్ పాయింట్ మోడ్ ఎంచుకున్నప్పుడు మాత్రం ఆ మోడల్ ఏ పోర్టు అడిగితే అందులో పెట్టవచ్చు. కొందరు రౌటర్‌ను రౌటర్‌గానే ఉంచి వాన్ పోర్టులో తగిలిస్తారు, నెట్ వస్తుంది కూడా. కాని అప్పుడు పై అంతస్తు ఒక ఇల్లు, కింది అంతస్తు మరో ఇల్లు అయిపోతాయి. కింద ఉన్న ప్రింటరు పైనున్న ల్యాప్‌టాప్‌కు కనిపించదు, పైనుంచి ఫోనులోని వీడియోను కింది టీవీలో వేయలేరు. అంతేకాక రెండు పెట్టెల లోపలి వరుసా 192.168.1 తోనే మొదలైతే ఆ మాత్రం నెట్ కూడా రాదు.

మీ ఎక్స్‌టెండర్‌ను ఈ పని చేసేటప్పుడు ప్లగ్గులోంచి తీసి పక్కన పెట్టండి. ముఖ్యంగా, దానికి అడుగున కేబుల్ పోర్టు ఉంది కదా అని దాన్ని పాత రౌటర్‌కు కేబుల్‌తో కలపవద్దు. అది అప్పటికే గాలి ద్వారా కింది బాక్సుతో కలిసి ఉంటుంది. కేబుల్ ద్వారా కూడా కలిస్తే దారి ఒక వలయంలా తయారై, ఒకే సందేశం ఆగకుండా గిరగిరా తిరుగుతూ నిమిషంలో ఇల్లంతా స్తంభిస్తుంది. అన్ని పెట్టెల మీదా దీపాలు పిచ్చిగా ఒకేసారి మినుకుమంటుంటే ఇదే కారణమని అనుకోవచ్చు.

తర్వాత కేబుల్‌ను పరీక్షించాలి. ల్యాప్‌టాప్ వైఫై ఆపేసి, పైన ఆ కేబుల్‌ను నేరుగా ల్యాప్‌టాప్‌కు తగిలించి వేగం కొలవండి. 90 పైన వస్తే కేబుల్ నిక్షేపంగా ఉంది. మీ ప్లాను 100 కనుక అంతకు మించి అడగనక్కరలేదు. రేపు పెద్ద ప్లాను తీసుకున్నప్పుడు మాత్రం కొలత 94, 95 దగ్గర గీత గీసినట్టు ఆగిపోతుంటే కేబుల్ కొసలు చూడండి. ఆ కేబుల్‌లో నాలుగు జతలుగా ఎనిమిది తీగలుంటాయి. 100 ఎంబీపీఎస్‌కు నారింజ జత, ఆకుపచ్చ జత సరిపోతాయి. గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) వేగానికి నీలం, గోధుమ జతలు కూడా కావాలి. కొస బిగించేటప్పుడు ఆ రెండింటిలో ఒక తీగ సరిగా కరవకపోయినా, రెండు పెట్టెలూ గొడవ చేయకుండా 100కు దిగిపోతాయి, ఎవరికీ తెలియదు. కొసలోని పారదర్శకమైన ప్లాస్టిక్‌లోంచి చూస్తే ఎడమ నుంచి తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ అన్న వరుస రెండు కొసల్లోనూ ఒకేలా కనిపించాలి. పాత రౌటర్ పోర్టులే 100కు మించనివి కూడా కావచ్చు, హాస్టల్ కోసం కొన్న చౌక రకాలు చాలావరకు అంతే. కేబుల్‌ను బయటి గోడ మీదుగా లాగి ఉంటే ఎండకు పైతొడుగు పెళుసుబారి పగులుతుంది కనుక పీవీసీ పైపులోంచి తీసుకెళ్లడం మంచిది.

కేబుల్ బాగుండీ వైఫైలో మాత్రం మీటింగు తడబడితే, తప్పు ఏ అంచెలో ఉందో తేల్చే ఒక పరీక్ష చెబుతాను. విండోస్ ల్యాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, పింగ్ అన్న ఆదేశంతో కింది బాక్సు అంకెను (ఉదాహరణకు 192.168.1.1ను) పలకరించమని మీ అబ్బాయికి చెప్పండి. జవాబు ఎన్ని మిల్లీసెకన్లలో వచ్చిందో వరుసగా చూపిస్తుంది. ఇంట్లోంచి ఇంట్లోకే కనుక ఒక అంకె, మహా అయితే రెండంకెల్లో చిన్నవి రావాలి. మధ్యమధ్య 300, 500 అని గంతులు వేస్తుంటే లోపం మీ ఇంటి గాలిలోనే ఉంది, కనెక్షన్ ఇచ్చినవారిని తిట్టి లాభం లేదు. ఇది నిలకడగా ఉండి, అదే పనిగా బయట ఇంటర్నెట్‌లో ఉన్న గూగుల్ వారి 8.8.8.8ను పలకరించినప్పుడు మాత్రం గంతులు వేస్తుంటే లోపం గుమ్మం అవతలిది, అప్పుడు ఫిర్యాదు నమోదు చేయండి. సహాయ కేంద్రం వాళ్లు అడిగే మొదటి ప్రశ్నకు మీ దగ్గర సిద్ధంగా జవాబు ఉంటుంది.

గాలిలోనే లోపమైతే ఛానెళ్లు, అంటే ఒక్కో బ్యాండ్‌లోని వరుసలు, చూడాలి. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో మన దేశంలో 13 ఛానెళ్లు వాడవచ్చు కాని అవి ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. ఒకదానికొకటి తగలకుండా ఉండేవి 1, 6, 11 మాత్రమే. కింది బాక్సుకు 1 ఇస్తే పైదానికి 6 లేదా 11 ఇవ్వండి, ఛానెల్ వెడల్పును 20 మెగాహెర్ట్జ్ దగ్గర ఉంచండి. మైక్రోవేవ్ ఓవెన్ కూడా ఇదే బ్యాండ్‌లో పనిచేస్తుంది. ఓవెన్ తిరుగుతున్నంతసేపే ఇబ్బంది వస్తుంటే ఇక వేరే కారణం వెతకవద్దు. ఆఫీసు ల్యాప్‌టాప్‌ను వీలైనంతవరకు 5 గిగాహెర్ట్జ్ మీదే ఉంచాలి. గోడలు దాటడంలో అది బలహీనం, కాని పైన అదే గదిలో యాక్సెస్ పాయింట్ ఉన్నాక గోడలతో పని లేదు, ఇరుగుపొరుగు వైఫైల రద్దీ కూడా తక్కువ. దానిలో 36 నుంచి 48 దాకా ఉన్న ఛానెళ్లలో ఒకటి ఎంచుకుంటే నిశ్చింత. 52 నుంచి పైన కొన్ని ఛానెళ్లను రాడార్లతో పంచుకోవాలి కనుక, రౌటర్ ముందుగా కనీసం ఒక నిమిషం చెవి ఒగ్గి విని, రాడార్ లేదనుకున్నాకే మొదలుపెడుతుంది. కరెంటు పోయి వచ్చాక 5 గిగాహెర్ట్జ్ పేరు ఆలస్యంగా కనిపిస్తోందని కొందరు రాసే ఉత్తరాలకు ఇదే జవాబు. పాత రౌటర్‌లో 5 గిగాహెర్ట్జ్ లేనే లేకపోతే ల్యాప్‌టాప్‌ను కేబుల్‌తోనే రౌటర్‌కు తగిలించి పని చేసుకోమనండి. బల్ల దగ్గర కదలకుండా కూర్చునే ఉద్యోగానికి వైఫై అవసరమే లేదు.

పేర్ల విషయంలో నా సలహా, పైనా కిందా ఒకే పేరు, ఒకే పాస్‌వర్డు, ఒకే రకం భద్రత పెట్టుకోమని. అప్పుడు ఫోను మెట్లెక్కినప్పుడు తనే మారుతుంది. అయితే ఎప్పుడు మారాలో నిర్ణయించేది ఫోనే, రౌటర్ కాదు. ఐఫోన్ అయితే ఉన్న సిగ్నల్ మైనస్ 70కి పడిపోయేదాకా మరొకదాని కోసం వెతకడం మొదలుపెట్టదని దాన్ని తయారుచేసినవారే ప్రకటించారు. మిగతా ఫోన్లకూ ఇలాంటి మొండితనం ఎంతో కొంత ఉంటుంది. అందుకని పైకి వచ్చినా ఫోను కింది సిగ్నల్‌నే పట్టుకుని వేలాడుతుంటే, కింది బాక్సు ప్రసార బలాన్ని సెట్టింగుల్లో ఒక మెట్టు తగ్గించి చూడండి. బలం పెంచితే బాగుపడుతుందని అందరూ అనుకుంటారు, ఇక్కడ తగ్గిస్తేనే బాగుపడుతుంది. అది కూడా కుదరకపోతే పైదానికి వేరే పేరు పెట్టుకుని ఆఫీసు ల్యాప్‌టాప్‌ను దానికే కట్టిపడేయడంలో తప్పేమీ లేదు.

కేబుల్ లాగే వీలు లేని పాఠకుల కోసం ఒక మాట. ఎక్స్‌టెండర్ మీదే ఆధారపడాల్సి వస్తే, పొడవైన వైరున్న ఎక్స్‌టెన్షన్ బాక్సు ఒకటి తీసుకుని, దానికి ఎక్స్‌టెండర్ తగిలించి, మైనస్ 60, 65 మధ్య చూపించిన చోట తాత్కాలికంగా పెట్టి, గదిలో వేగం కొలిచి, రెండడుగులు అటూ ఇటూ జరిపి మళ్లీ కొలవండి. ప్లగ్ పాయింటు ఎక్కడ ఉందో అక్కడే పెట్టేయడం వల్లే సగం ఎక్స్‌టెండర్లు అపకీర్తి పాలవుతున్నాయి. కింది బాక్సు పాస్‌వర్డు మార్చినప్పుడు ఎక్స్‌టెండర్‌లో కూడా మార్చడం మరిచిపోతే, అది అనాథలా తన పేరు ప్రసారం చేస్తూనే ఉంటుంది, గీతలు నిండుగా ఉంటాయి, నెట్ మాత్రం ఉండదు. బాక్సు భద్రతను డబ్ల్యూపీఏ3 (వైఫై పాస్‌వర్డు భద్రతలో కొత్త రకం) ఒక్కదానికే మార్చినా పాత ఎక్స్‌టెండర్లు లోపలికి రాలేవు. డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 రెండూ కలిసిన ఎంపిక పెట్టాలి. కరెంటు తీగల ద్వారానే నెట్ పంపే పరికరాలు కూడా దొరుకుతాయి కాని, త్రీఫేజ్ కనెక్షన్ ఉన్న ఇళ్లలో కింది ప్లగ్గు ఒక ఫేజులో, పై ప్లగ్గు మరో ఫేజులో ఉంటే వాటి మాట ఒకదానికొకటి సరిగా వినపడదు. తిరిగి ఇచ్చేసే వెసులుబాటు ఉంటే తప్ప వాటి జోలికి వెళ్లవద్దు.

మెష్ సెట్టు చెడ్డదని నేను అనడం లేదు. నాలుగైదు గదుల్లో నలుగురు తిరుగుతూ మాట్లాడే ఇంట్లో, పెట్టెలు ఒకదానితో ఒకటి మాట్లాడుకుని ఫోనుకు "అటు వెళ్లు" అని సూచించే ఏర్పాటు నిజంగా సుఖంగా ఉంటుంది. కాని కేబుల్ లేకుండా పెడితే మెష్ పెట్టె కూడా గాలి మీదే ఆధారపడాలి, మీ శ్లాబు దానికీ శ్లాబే. మీ అవసరం ఒక గది, ఒక ఉద్యోగం. దానికి లాగిన కేబుల్, ఉన్న రౌటర్ చాలు. ఆ రౌటర్ మరీ పాతదై 5 గిగాహెర్ట్జ్ లేక ఇబ్బంది పెడితే, దాని స్థానంలో రెండు బ్యాండ్ల మామూలు రౌటర్ ఒకటి కొని ఇదే పద్ధతిలో యాక్సెస్ పాయింట్‌గా పెట్టుకోండి. అది మెష్ సెట్టు కంటె చాలా తక్కువలో వస్తుంది.

మీరు రాయలేదు కాని నేను అడగాల్సింది ఒకటి మిగిలింది. మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే, పైన వెనక గదిలోని ఆ ప్లగ్గుకు ఇన్వర్టర్ లైను ఉందా? చాలా ఇళ్లలో ఫ్యాన్లకూ లైట్లకూ మాత్రమే ఇచ్చి ప్లగ్గులను వదిలేస్తారు. కింద బాక్సు వెలుగుతూనే ఉంటుంది, పైది కరెంటుతో పాటు ఆరిపోతుంది, ల్యాప్‌టాప్ మాత్రం బ్యాటరీ మీద నడుస్తుంటుంది, దాంతో నెట్ పోయిందనే అనుకుంటారు. లైను ఉన్నా, కరెంటు నుంచి ఇన్వర్టర్‌కు మారే ఆ రెప్పపాటులో కొన్ని రౌటర్లు ఆగి మళ్లీ మొదలవుతాయి, మీటింగులో రెండు నిమిషాలు పోతాయి. దానికి రౌటర్ల కోసమే అమ్మే చిన్న యూపీఎస్ ఒకటి సరిపోతుంది. కొనేముందు రౌటర్ అడాప్టర్ మీద వోల్టులు, ఆంపియర్లు చూసుకోండి, 12 వోల్టులవీ ఉంటాయి, 9 వోల్టులవీ ఉంటాయి, పిన్ను ఒకేలా ఉందని 9 దానికి 12 తగిలిస్తే రౌటర్ కాలిపోవచ్చు.